ఎవరు పిలిచారు? – అంతర్జాతీయ స్వచ్ఛంద సేవ చరిత్ర, హైస్కూలు పాఠం



మీలో కొందరు ఇప్పటికే ఏదో ఒక పాఠశాలలో పిల్లలకు చదువు చెబుతూ, రాత్రి భోజనాలయ్యాక ఈ పుస్తకం తెరిచేవారు. మరికొందరు డిగ్రీ కాగానే బి.ఎడ్. చేయాలనుకునేవారు. వారిని దృష్టిలో ఉంచుకునే ఈ విభాగం రాస్తున్నాను. ఇందులో చర్చించే విషయం అంతర్జాతీయ స్వచ్ఛంద సేవ చరిత్ర. సంఘటనల వరుస తెలుసుకోవడంతో సరిపెట్టకుండా, ఈ చరిత్రను 9, 10 తరగతుల పిల్లలకు ఎట్లా చెప్పాలో కూడా చూద్దాం.

ఇది మనకు సంబంధం లేని దూరపు సంగతి కాదు. ఐ.బి. డిప్లొమా చదివే పిల్లలకు సేవా కార్యక్రమం చదువులో తప్పనిసరి భాగం. అటువంటి స్కూళ్లు మన నగరాల్లోనూ ఉన్నాయి. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల్లో కాలేజీ దరఖాస్తులో చూపించుకోవడానికి ‘సేవా గంటలు’ లెక్కపెట్టుకునేవారు ఉన్నారు. వేసవి సెలవుల్లో తాతగారి ఊరికి వచ్చి, బడిలో బ్యాగులు పంచి, ఫొటోలు దిగి వెళ్లేవారూ వారిలో ఉంటారు. అంటే మన సమాజంలో సేవ చేయడానికి బయలుదేరే పిల్లలు ఉన్నారు, ఆ సేవను అందుకునే పిల్లలూ ఉన్నారు. ఈ రెండో రకం బడిలో పని చేసే ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని మరింత శ్రద్ధగా చదవాలని నా కోరిక.

పదం గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తరవాత ‘వలంటీరు’ అనగానే ఇంటికి పింఛను తెచ్చిచ్చిన గ్రామ, వార్డు వలంటీరే గుర్తుకొస్తారు. ఇక్కడ ఆ అర్థంలో వాడటం లేదు. జీతం ఆశించకుండా, తన దేశం కాని దేశంలో, కొంతకాలం పని చేయడానికి వెళ్లిన వ్యక్తి అనే అర్థంలోనే వాడుతున్నాను.

అందుకునే వైపు నుంచి

చరిత్రలోకి వెళ్లేముందు ఒక సొంత జ్ఞాపకం. 1960ల్లో మా ఊరి ప్రాథమిక పాఠశాలలో విదేశాల నుంచి వచ్చిన పాలపొడి కలిపి మధ్యాహ్నం పాలు ఇచ్చేవారు. ఇంటి నుంచి గ్లాసులు తెచ్చుకుని వరుసలో నిలబడేవాళ్లం. ఒకరోజు పాలు తాగి గ్లాసులు కడుక్కున్న తరవాత ఒక జీపు వచ్చింది. దిగినవాళ్లలో ఒకరి చేతిలో కెమెరా ఉంది. మాస్టారు మమ్మల్ని మళ్లీ వరుసలో నిలబెట్టి, ఖాళీ గ్లాసులు ముందుకు చాపమన్నారు. ఆ పాలకు నేను ఈనాటికీ కృతజ్ఞుడినే. వానలు లేని ఏళ్లలో అవి మా కడుపులు నింపాయి. ఖాళీ గ్లాసు చాపి నిలబడ్డ ఆ పది నిమిషాలు కూడా మరచిపోలేదు. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజమని చెప్పమంటే నేను చెప్పలేను.

స్వచ్ఛంద సేవ చరిత్రను సాధారణంగా వెళ్లినవాళ్లే రాశారు. వాళ్ల డైరీలు, ఉత్తరాలు, నివేదికలే మనకు ఆధారాలు. అందుకున్నవాళ్లు రాసుకున్నది తక్కువ. చరిత్ర విద్యార్థిగా మీరు ఏ సంఘటన చదివినా, ఈ లోటును గుర్తుంచుకుని చదవాలి. అప్పుడు సహజంగానే ఒక ప్రశ్న ముందుకు వస్తుంది: వీళ్లను రమ్మని ఎవరు పిలిచారు?

శిథిలాల మధ్య తొలి శిబిరం

ఆధునిక అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకు ఆరంభంగా చాలామంది చరిత్రకారులు 1920ని చెబుతారు. మొదటి ప్రపంచయుద్ధంలో 1916 నాటి వెర్దున్ పోరు ఫ్రాన్స్ తూర్పు ప్రాంతాన్ని గుల్ల చేసింది. అక్కడి ఎన్ అనే గ్రామం నేలమట్టమైంది. పియేర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు 1920 శీతాకాలంలో కొద్దిమందిని వెంటబెట్టుకుని ఆ గ్రామానికి వెళ్లాడు. శిథిలాలు ఎత్తిపోయడం, తాత్కాలిక ఇళ్లు కట్టడం వాళ్ల పని. ఆ కొద్దిమందిలో జర్మన్లు కూడా ఉన్నారు. నిన్నటిదాకా శత్రువులైనవారు ఇవాళ పారతో వచ్చి, తమ దేశం కూల్చిన ఊరిని తమ చేతులతో లేపితే, అదే శాంతికి దారి అవుతుందన్నది సెరెసోల్ నమ్మకం. ఆయన సైనిక పన్ను కట్టనని నిరాకరించి జైలుకు వెళ్లిన మనిషి. ఆయన ఆరంభించిన ఉద్యమమే తరవాత సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థగా స్థిరపడింది.

ఆలోచన గొప్పదే. అయినా ఆ శిబిరం కొద్ది నెలలకే మూతపడింది. జర్మన్లు అక్కడ ఉండటం అధికారులకు రుచించలేదు. కొడుకులను పోగొట్టుకున్న ఊళ్లో జర్మన్ భాష వినబడటమే ఎంత కష్టమో మనం ఊహించవచ్చు. పాఠ్యపుస్తకాలు ఈ శిబిరాన్ని ఆదర్శంగా చెప్పి ఊరుకుంటాయి. నా దృష్టిలో దాని విలువ అది విఫలమైన తీరులోనే ఉంది. సదుద్దేశానికి లోటు లేదు, శ్రమకు లోటు లేదు. ఆ ఊరికి అది అప్పుడే కావాలో వద్దో సరిగా తేల్చుకోకపోవడమే లోటు.

సెరెసోల్ ఈ పాఠం నేర్చుకున్నాడనే చెప్పాలి. తరవాతి శిబిరాలు స్విట్జర్లాండ్‌లోని ప్రకృతి వైపరీత్యాల దగ్గర జరిగాయి. 1928లో లిక్టెన్‌స్టైన్‌లో రైన్ నది వరద మేట వేసిన పొలాలను బాగు చేయడానికి పలు దేశాల నుంచి 700 మందికి పైగా వచ్చారు. మన దేశంతో ముడిపడిన ఘట్టం ఆ తరవాతది.

బీహారు, 1934

1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. ఒక్క బీహారులోనే 7 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. అప్పటికి జైల్లో ఉన్న రాజేంద్ర ప్రసాద్ రెండు రోజుల్లో విడుదలై, బీహార్ కేంద్ర సహాయ సంఘాన్ని నడిపించారు. 1931 చివర గాంధీజీ స్విట్జర్లాండ్ వెళ్లినప్పుడే సెరెసోల్‌కు ఆయనతో పరిచయమైంది. భూకంపం వార్త విని సెరెసోల్ భారతదేశానికి వచ్చాడు.

ఇక్కడ ఒక వివరం మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఆయన వెంటనే జట్టును తీసుకుని దిగలేదు. మొదట ఒక్కడే వచ్చి, గాంధీజీని, రాజేంద్ర ప్రసాద్‌ను కలిసి, ఊళ్లు తిరిగి చూసి, ఏ పని అవసరమో తెలుసుకుని ఐరోపాకు తిరిగి వెళ్లాడు. ఆ తరవాతే ముగ్గురు నలుగురు సహచరులతో మళ్లీ వచ్చాడు. ముజఫర్‌పూర్ జిల్లాలో వాళ్లు చేసిన పని, వరద ముంపులో చిక్కుకున్న పల్లెలను ఎత్తయిన నేలకు తరలించి కొత్త ఇళ్లు కట్టడం. భూకంపం వల్ల నేల కుంగిన చోట్ల నీరు నిలిచి పాత ఊళ్లు నివాసానికి పనికిరాకుండా పోయాయి. పనిలో అత్యధిక భాగం చేసినది ఆ ఊళ్ల జనమే. ఐరోపావాళ్లు వాళ్ల పక్కన నిలబడి మట్టి మోశారు.

నలుగురు ఐరోపావాళ్లు ఓడ ఖర్చు పెట్టుకుని వచ్చి మట్టి మోయాలా, ఆ డబ్బుతో బీహారులోనే కూలీలను పెట్టుకోవచ్చు కదా అని మీ తరగతిలో ఎవరైనా అడిగితే సంతోషించండి. సరైన ప్రశ్న అది. కేవలం మట్టి లెక్క చూస్తే ఆ ప్రయాణం నష్టమే. అయితే అది 1934 అని మరవకూడదు. తెల్లదొర అంటే గుర్రం మీద కనబడే రోజుల్లో, నెత్తిన తట్ట పెట్టుకున్న తెల్లవాడిని ఆ పల్లె చూసింది. ఆ దృశ్యం విలువ ఎంత అన్నది తూకం వేసి చెప్పగలిగేది కాదు. పిల్లలు దీని మీద రెండు పక్షాలుగా వాదించుకుంటే పాఠం బాగా నడుస్తుంది.

అదే సహాయ సంఘంలో లెక్కలు చూసినవారు జె.సి. కుమారప్ప. ప్రతి పైసాకూ రసీదు అడిగే మనిషి. గాంధీజీ పరివారం బీహారు వచ్చినప్పుడు వాళ్ల ఖర్చులు సహాయ నిధి నుంచి ఇవ్వడం కుదరదని ఆయన తేల్చి చెప్పారని ప్రసిద్ధి. బాధితుల పేరిట వచ్చిన డబ్బు బాధితులదే గాని సేవకులది కాదన్న నియమం ఆయనది. ఇవాళ విదేశీ సేవా యాత్రల కరపత్రాలు చూసినప్పుడల్లా నాకు కుమారప్ప గుర్తుకొస్తారు.

మనం పంపినవారు

సేవ ఎప్పుడూ తెల్లదేశాల నుంచి నల్లదేశాలకే ప్రవహించిందనుకోవడం పొరపాటు. 1938లో జపాను దాడిని ఎదుర్కొంటున్న చైనా నుంచి సేనాని ఝూ డె మందులు, వైద్యుల సహాయం కోరుతూ నెహ్రూకు ఉత్తరం రాశాడు. కాంగ్రెసు పార్టీ విరాళాలు సేకరించి అయిదుగురు డాక్టర్ల బృందాన్ని పంపింది. అప్పటి కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్. ఆ అయిదుగురిలో షోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కోట్నిస్ ఒకరు. ఆయన చైనా భాష నేర్చుకున్నారు. ముందుబారుల్లో రోజుల తరబడి శస్త్రచికిత్సలు చేశారు. బెత్యూన్ పేరిట ఉన్న ఆసుపత్రికి డైరెక్టరుగా పని చేశారు. చైనా నర్సును పెళ్లి చేసుకుని, 1942 డిసెంబరులో 32 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు. 1946లో శాంతారాం ఆయన జీవితాన్ని సినిమాగా తీశారు.

కోట్నిస్ ఉదంతంలో మన ప్రశ్నకు జవాబు స్పష్టంగా ఉంది. పిలుపు వాళ్లది. అవసరమైన నైపుణ్యం ఈయన దగ్గర ఉంది. పని చేసింది వాళ్ల అధికారం కింద, వాళ్ల భాషలో. పదిహేనేళ్ల పిల్లవాడు కోట్నిస్ కాలేడు, నిజమే. తనకు ఏ పని చేతకాదో తెలుసుకోవడానికి మాత్రం కోట్నిస్ కథ ఉపయోగపడుతుంది. మన దేశంలో శస్త్రచికిత్స చేయడానికి అనుమతి లేనివాడు పక్క దేశపు పల్లెలో చేయవచ్చా? ఇక్కడ టీచరు ఉద్యోగానికి అర్హత లేనివాడు అక్కడ తరగతికి టీచరు ఎట్లా అవుతాడు? ఈ రెండు ప్రశ్నలు వేస్తే పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు.

ప్రభుత్వాల కాలం

రెండో ప్రపంచయుద్ధం తరవాత వలస దేశాలు ఒక్కొక్కటీ స్వతంత్రమయ్యాయి. అటు అమెరికా, రష్యాల ప్రచ్ఛన్నయుద్ధం. సేవ విదేశాంగ విధానంలో భాగమైంది. బ్రిటన్‌లో అలెక్ డిక్సన్ 1958లో వి.ఎస్.ఓ. సంస్థను ఆరంభించినప్పుడు మొదట పంపింది అప్పుడే స్కూలు ముగించిన 18 ఏళ్ల కుర్రాళ్లనే. కొద్ది సంవత్సరాల్లోనే పట్టభద్రులను, ఆ తరవాత అనుభవజ్ఞులైన వృత్తినిపుణులను పంపడం మొదలుపెట్టింది. మరింత కాలానికి కెన్యా, ఫిలిప్పీన్స్ వంటి దేశాల నుంచి కూడా సేవకులను ఎంపిక చేసింది. చిన్న పిల్లలను పంపడంతో మొదలైన సంస్థ తానుగా ఆ పద్ధతి మార్చుకోవడం మన పాఠానికి పనికొచ్చే ఆధారం.

అమెరికాలో 1960 అక్టోబరు 14న తెల్లవారుజామున 2 గంటలకు మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల ముందు కెనెడీ లేవనెత్తిన ఆలోచన, 1961 మార్చి 1 నాటి ఉత్తర్వుతో పీస్ కోర్ అయింది. ఆహ్వానించిన దేశానికే వెళ్లాలి, భాష నేర్చుకోవాలి, రెండేళ్లు ఉండాలి అన్న నియమాలు పెట్టుకున్నారు. నియమాలు బాగానే ఉన్నాయి. అయినా అదే ఏడు అక్టోబరులో నైజీరియాలోని ఇబాదాన్‌లో ఒక చిన్న కార్డు ముక్క పెద్ద గొడవ తెచ్చింది. అక్కడ శిక్షణలో ఉన్న ఒక అమెరికన్ యువతి స్నేహితుడికి పోస్టుకార్డు రాస్తూ, ఆ ఊరి జీవనం ఎంత వెనుకబడి ఉందో వర్ణించింది. కార్డు పోస్టులో పడకముందే విశ్వవిద్యాలయ విద్యార్థుల చేతికి చిక్కింది. నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాదే. విద్యార్థులు నిరసనకు దిగారు. ఆ యువతి క్షమాపణ చెప్పి దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది.

ఆమెది దుర్బుద్ధి కాదు. ఇంటికి రాసే ఉత్తరంలో ఎవరైనా రాసే మాటలే రాసింది. రాసింది ఎవరి గురించో వాళ్లు చదువుతారని అనుకోలేదు, అంతే. ఆనాటి పోస్టుకార్డు ఈనాడు ఇన్‌స్టాగ్రామ్ పోస్టు. మురికివాడ పిల్లవాడిని ఎత్తుకుని సెల్ఫీ దిగి ‘ఇంత పేదరికంలోనూ ఎంత సంతోషంగా ఉన్నారో’ అని రాసిన విద్యార్థిని మందలించనక్కర్లేదు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక దాన్ని చదువుతాడని గుర్తు చేస్తే చాలు.

పీస్ కోర్ మన దేశంలో 1961 నుంచి 1976 వరకు పని చేసింది. 4 వేల మందికి పైగా వచ్చారు. తరవాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ వారిలో ఒకరు. 68వ ఏట బొంబాయి దగ్గర విక్రోలీకి వచ్చి నర్సుగా పని చేశారు. 1971 యుద్ధకాలంలో ఇరు దేశాల సంబంధాలు చెడ్డాక ఈ రాకపోకలు సన్నగిల్లాయి.

మంచి ఉద్దేశాల మీద దాడి

1968 ఏప్రిల్ 20న ఒక సభ జరిగింది. వేసవి సెలవుల్లో మెక్సికో పల్లెలకు సేవకు వెళ్లే అమెరికా, కెనడా విద్యార్థుల సభ అది. వక్తగా పిలిచింది ఇవాన్ ఇలిచ్‌ను. బి.ఎడ్. చదివేవారికి ‘డీస్కూలింగ్ సొసైటీ’ (1971) రచయితగా ఈయన పేరు ఎదురవుతుంది. మెచ్చుకుంటారని ఎదురుచూసిన విద్యార్థులకు ఆయన మీరు రావద్దని చెప్పాడు. పల్లెవాళ్లతో మాట్లాడటానికి మీకు భాష లేదు, మీరు తెలియకుండానే మీ మధ్యతరగతి జీవన విధానాన్ని అమ్మడానికి వస్తున్నారు, చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దు అన్నది ఆయన వాదసారం. ప్రసంగం పేరులోనే మంచి ఉద్దేశాలను నరకానికి పొమ్మన్నాడు.

ఇలిచ్ వాదన పదునైనదే, కాని నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను. మన రాయలసీమలోనే దానికి ఒక జవాబు ఉంది. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల మధ్య పని చేస్తుండగా 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. మరుసటి ఏడాది తిరిగి వచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఆర్.డి.టి.గా ఆ జిల్లా జనం నోట నానింది. దాని సిబ్బందిలో అత్యధికులు స్థానికులే. 2009లో చనిపోయేదాకా ఆయన ఆ కరువు నేల మీదే ఉన్నారు. నలభై ఏళ్లు ఉన్నవాడిని ఇంకా ‘విదేశీ సేవకుడు’ అనవచ్చా అన్నది మీ ఆలోచనకే వదిలేస్తున్నాను. రెండు వారాలకు వచ్చేవాడికి మాత్రం ఇలిచ్ అడిగిన ప్రశ్న అట్లాగే నిలిచి ఉంది.

తల్లిదండ్రులున్న అనాథలు

గత శతాబ్దం చివరి నుంచి సేవ, విహారయాత్ర కలిసిపోయి ఒక వ్యాపారమైంది. డబ్బు కట్టినవారికి ఒకటి రెండు వారాల సేవ ఏర్పాటు చేసే కంపెనీలు వెలిశాయి. గోడకు రంగు వేయడం వంటి పనుల్లో నష్టం చిన్నదే, మహా అయితే స్థానిక పెయింటరుకు నాలుగు రోజుల కూలి పోతుంది. అసలు ప్రమాదం అనాథాశ్రమాల దగ్గర వచ్చింది. ఈ భాగాన్ని తరగతిలో తొందరగా దాటేయవద్దు.

కంబోడియాలో 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలన నిజంగానే లెక్కలేనంత మంది పిల్లలను అనాథలను చేసింది. 2005 నాటికి ఆ పిల్లలు పెద్దవాళ్లై తామే తల్లిదండ్రులయ్యారు. లెక్కప్రకారం అనాథాశ్రమాలు తగ్గాలి. 2005, 2010 మధ్య అవి 75 శాతం పెరిగాయి. అదే కాలంలో ఆ దేశానికి వచ్చే పర్యాటకుల సంఖ్య కూడా బాగా పెరిగింది. ఆశ్రమాల్లోని ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ బయటపెట్టింది.

ఇది ఎట్లా జరుగుతుందో పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పాలి. పేద తల్లిదండ్రుల దగ్గరికి ఒక మనిషి వస్తాడు. పట్నంలో మీ పిల్లవాడికి ఇంగ్లీషు చదువు, మూడు పూటల తిండి అంటాడు. ఏ తల్లి కాదంటుంది? పిల్లవాడు ఆశ్రమంలో చేరతాడు. విదేశీయులు వచ్చి డబ్బు ఇస్తారు, రెండు వారాలు ఆడించి వెళ్తారు. మళ్లీ కొత్తవాళ్లు వస్తారు. పిల్లలు ఉంటేనే విరాళాలు కాబట్టి పిల్లలు ఇంటికి వెళ్లకుండా చూసుకుంటారు. బాగా చూస్తే విరాళం తగ్గుతుంది కాబట్టి కొన్నిచోట్ల పిల్లలను కావాలనే బక్కగా ఉంచుతారు. నేపాల్‌లో 1996 నుంచి 2006 వరకు సాగిన అంతర్యుద్ధంలో హుమ్లా వంటి మారుమూల జిల్లాల పిల్లలను ఇట్లాగే ఖాట్మండుకు చేర్చారు. అక్కడి ఆశ్రమాల్లో అత్యధిక భాగం పర్యాటకులు వచ్చే కొద్ది జిల్లాల్లోనే ఉండటం యాదృచ్ఛికం కాదు. 2010 జనవరి భూకంపం తరవాత హైతీ నుంచి 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయిన ఒక అమెరికన్ మతబృందాన్ని పోలీసులు పట్టుకున్నారు. వాళ్లు అనాథలని తీసుకెళ్లిన ఆ పిల్లలకు కన్నవాళ్లున్నారు.

ప్రతి రెండు వారాలకు ఒక కొత్త అక్క వచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ తరవాత మాయమైతే, ఆ పసివాడికి మనుషుల మీద ఎటువంటి నమ్మకం మిగులుతుంది? కొత్త మనిషి రాగానే మెడ చుట్టూ చేతులు వేసే పిల్లలను చూసి వచ్చినవాళ్లు ‘ఎంత ప్రేమో’ అని మురిసిపోతారు. అది ప్రేమ కాదు, గాయమని పిల్లల వైద్యులు చెబుతారు. 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసిన సందర్భంలో ఆస్ట్రేలియా, అనాథాశ్రమాల కోసం పిల్లలను తరలించడాన్ని ఆ బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ కూడా బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ వల్ల జరిగే హానిని ప్రస్తావించింది.

తరగతి గదిలో

ఈ చరిత్రను హైస్కూలు పిల్లలకు చెప్పేటప్పుడు అనాథాశ్రమాలతో మొదలుపెట్టవద్దని నా సలహా. మొదటిరోజే అది చెబితే, సున్నితమైన పిల్లలు భయపడతారు, తెలివైన పిల్లలు ‘అయితే ఎవరికీ ఏమీ చేయకపోవడమే మంచిది కదా సార్’ అంటారు. ఈ రెండో మాట మొదటిదానికంటే ప్రమాదం. అది వినగానే నేను బీహారుకు, కోట్నిస్ దగ్గరికి తిరిగి వెళ్తాను. వెళ్లినవాళ్లు ఉన్నారు, వెళ్లి బాగా చేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లు వెళ్లేముందు ఏం చేశారో చూడమంటాను.

ఇబాదాన్ పోస్టుకార్డుతో మొదలుపెడితే బాగా పని చేస్తుంది. సగం తరగతిని ఆ అమెరికన్ యువతి పక్షాన, సగం తరగతిని నైజీరియా విద్యార్థుల పక్షాన ఉత్తరాలు రాయమనండి. మరుసటి రోజు పక్షాలు మార్చండి. ఆ తరవాత ఏదైనా సేవా యాత్ర ప్రకటనను పలక మీద రాసి, అందులో ‘నీవు’, ‘నీ అనుభవం’, ‘నీ జీవితం’ అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో, ఊరివాళ్ల మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమనండి. నేను చూసిన ప్రకటనల్లో ఊరివాళ్లకు ఫొటోలోనే చోటు దొరికింది.

లెక్కల మాస్టారి సాయం కూడా తీసుకోవచ్చు. ఇరవై మంది విద్యార్థులు ఒక్కొక్కరు లక్షన్నర రూపాయలు పెట్టుకుని పక్క దేశానికి బడి గోడ కట్టడానికి వెళ్లారనుకుందాం. మొత్తం 30 లక్షలు. ఆ ఊళ్లో తాపీమేస్త్రీ రోజు కూలి వెయ్యి రూపాయలైనా, అది 3 వేల రోజుల పని. పిల్లలు కట్టిన గోడను రాత్రి మేస్త్రీలు విప్పి మళ్లీ కట్టవలసి వస్తే ఆ కూలి అదనం. ఈ లెక్క వేశాక, ‘అయినా మేం వెళ్లడం వల్ల వాళ్లకు, మాకు ఏదైనా లాభం ఉందా’ అని పిల్లలే వాదించుకోనివ్వండి. లాభం ఉండవచ్చు కూడా. చూడటానికి, నేర్చుకోవడానికి వెళ్తున్నామని నిజాయితీగా పేరు పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

సర్టిఫికెట్ సంగతి తల్లిదండ్రులతో మాట్లాడవలసిందే. సేవకు గంటలు లెక్కగట్టిన చోట పిల్లవాడి దృష్టి గంటల మీదే ఉంటుంది. తప్పు పిల్లవాడిది కాదు.

చివరగా చేయించవలసిన అభ్యాసం ఒక ఉత్తరం. సేవ చేయాలనుకునే బడికి, వెళ్లేముందు, పిల్లలే రాయాలి: మీకు ఏం కావాలి, ఎప్పుడు కావాలి, మేము రాకపోతే నష్టమా? నేను పాఠం చెప్పిన ఒక నగర పాఠశాల పిల్లలు వేసవిలో వెళ్లదలచిన ఒక పల్లె బడికి అట్లా రాశారు. గోడలకు రంగు వేయడానికి బ్రష్షులు కూడా కొనిపెట్టుకున్నారు. మూడు వారాలకు ప్రధానోపాధ్యాయురాలి జవాబు వచ్చింది. రంగు రెండేళ్ల కిందటే వేశారట. సెలవుల్లో పిల్లలు ఉండరు కాబట్టి రావద్దన్నారు. కావాలంటే జులైలో రమ్మన్నారు, ఇరవై మంది కాదు, నలుగురు. పదో తరగతి పిల్లలకు స్కాలర్‌షిప్ దరఖాస్తులు కంప్యూటర్‌లో నింపడం నేర్పితే చాలని, నింపిపెట్టవద్దని, నేర్పి వెళ్లమని రాశారు. ఉత్తరం చివర ఒక వాక్యం చేర్చారు: మీ బడిలో చెట్టు ఎక్కడం వచ్చిన పిల్లలు ఉన్నారా అని మా పిల్లలు అడుగుతున్నారు.

నలుగురు వెళ్లారు. బ్రష్షులు ఇంకా ఆ నగర పాఠశాల బీరువాలోనే ఉన్నాయి.